కొరకని పోగులు

హిందూపురం,
12 జూన్ 2023.

చౌడీ,

ఇట్లా పిలిచి ముప్పయ్యైదేళ్ళయింది. పెనుకొండ బడిలో పదో తరగతి పరీక్షలైన రోజు నువ్వు ధర్మవరం బస్సెక్కావు, నేను హిందూపురం బస్సెక్కాను. ఉత్తరాలు రాసుకుందామని ఒట్టు పెట్టుకున్నాం. నువ్వు రెండు రాశావు, నేను ఒక్కటి రాశాను. అక్కడితో సరి.

మొన్న ఏప్రిల్‌లో మా అన్న కొడుకు అరుణ్ పెళ్ళికి చీరలు చూద్దామని మీ ఊరొచ్చి, మగ్గాల వీధిలో ఒకరింట్లో కూర్చున్నాం. మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ఆవిడ మా వదిన అన్న మాటకు నవ్వింది. నవ్వుతూనే ఎడమచేత్తో నోరు మూసుకుంది. నువ్వేనని గుర్తుపట్టాను. ఆ చెయ్యి అట్లా నోటి మీదికి పోవడానికి కారణం నేనే కదా!

ఎనిమిదో తరగతిలో మనం కొండ మీద నుంచి ఒడినిండా సీతాఫలాలతో దిగుతున్నాం. వెనక నుంచి నేను జారి నీ మీద పడ్డాను. నువ్వు బండ మీద బోర్లా పడ్డావు. "పండ్లన్నీ పాయెనే!" అని నేను ఏడుస్తుంటే, నువ్వు నెత్తురు ఊసి, "యా పండ్లుమ్మే? ఒళ్ళోవా, నోట్లోవా?" అన్నావు. ముందు పన్ను సగానికి విరిగిపోయి ఉంది. నేను పళ్ళ డాక్టరు కావడానికి ఇంకా చాలా కారణాలు చెప్తుంటాను అందరికీ. అసలుది అదే.

ఇరవై ఆరేళ్ళలో వేల పళ్ళు కట్టాను. పది రోజుల కింద నీ పన్ను కడుతున్నప్పుడు మాత్రం చెయ్యి వణికింది. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు కాబట్టి చూడలేదు.

నీ పంటికి పెట్టినది రెజిన్ కాంపోజిట్. మనవాళ్ళు సిమెంటు అంటారు గానీ, ఇది సన్నటి గాజుపొడి కలిపిన ఒక రకం జిగురు. మెత్తగా ఉన్నప్పుడే పన్ను ఆకారం దిద్ది, నీలం లైటు చూపిస్తే గట్టిపడుతుంది. వాడేకొద్దీ ముందు జిగురు అరుగుతుంది, తర్వాత పట్టు తప్పిన గాజు రేణువులు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎన్నాళ్ళకు ఎంత అరుగుతుందో తెలుసుకోవడానికి యంత్రాలతో లక్షలసార్లు నమిలించి చూస్తారు. కానీ ఏ యంత్రమూ పట్టుపోగు కొరికి చూడలేదు. మీ వీధి ఆడవాళ్ళ ముందుపళ్ళు చూశాను. ముడి వేసిన ప్రతిసారీ పోగు కొస పళ్ళతో తెంపీ తెంపీ అందరికీ గాట్లు పడి ఉన్నాయి. జరీ పోగైతే మరీ మొండిది. ఈ కొత్త రకం కాంపోజిట్ దానికి నిలుస్తుందా? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు, నేను వేయాలనుకుంటున్నాను. బెంగళూరు కాలేజీ వాళ్ళు ఒప్పుకున్నారు. మొదటి పన్ను నీదే.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఎప్పటిలాగే ఆ పంటితోనే పోగు కొరుకు. రోజుకు సుమారుగా ఎన్నో నాకు రాయి. నాలుగు నెలలకోసారి రైలెక్కి వస్తే పంటి అచ్చు తీసుకుంటాను. ఫోన్ చేద్దామంటే నీ చేతులు మగ్గం మీద ఉంటాయి, మీ ఇంట్లో ఎవరో ఎత్తుతారు. రాసింది ఉంటే నాకు రికార్డు. ఆ పాత ఒట్టూ తీరుతుంది.

నీ
పూర్ణిమ


ధర్మవరం,
27 జూన్ 2023.

డాక్టర్ పూర్ణిమ గారికి అని రాసి కొట్టేశాను. పూర్ణీ,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ తెచ్చి ఇస్తే ఇంట్లో అందరూ కోర్టు కాయితమేమో అనుకున్నారు.

నా పన్ను చూడటానికి వీధి వీధంతా వచ్చింది. పక్కింటి బాలనాగమ్మ, మా ఇద్దరి మగ్గాలకూ మధ్య ఒక్క గోడే, నన్ను వాకిట్లోకి లాక్కుపోయి, గడ్డం పట్టి ఎండవైపు తిప్పింది. "యాది కట్టిందిమే? నాకేం తెలుస్తాండ్లా!" అంది. మా ఆయన గంగాధర అన్నం తింటూ తింటూ, "పెండ్లయినప్పటి సంది నీ నవ్వు సగమే సూసినా" అన్నాడు. ఆ మాట అని మళ్ళీ సిగ్గుపడి పప్పు వడ్డించమన్నాడు. మా కూతురు సుధ డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది. మగ్గం మాట ఎత్తితే మొహం తిప్పుకుంటుంది. అది ఫోన్లో నా ఫోటోలు ఇరవై తీసింది.

నాకైతే అద్దం ముందు నుంచి కదలబుద్ధి కావడం లేదు. యాభై ఏళ్ళ ఆడది ఇట్లా అద్దం చూసుకుంటే నవ్వరా? కానీ చూసుకుంటున్నాను. మీ అవ్వ గుర్తొచ్చింది. పన్ను విరిగిన రోజు హాస్టల్‌కు పోతే వార్డెన్ తిడుతుందని నన్ను మీ కన్యకమ్మవ్వ దగ్గరికి తీసుకుపోయావు. అవ్వ నా పంటి చిగురు మీద లవంగం పెట్టి, ఒడిలో కూర్చోబెట్టుకుని, "ఏడవద్దు పాపా, పెద్దయినాక మల్లొస్తుంది" అంది. రాదని మనకిద్దరికీ తెలుసు. అయినా నేను రెండేళ్ళు ఎదురుచూశాను.

నీ చదువు పని తప్పకుండా చేద్దాం. కొరకమన్నావు, కొరుకుతాను. రోజుకు రెండు వందలని రాసుకో. జరీ ఉన్న రోజు ఇంకొంచెం ఎక్కువ.

నీ
చౌడి


హిందూపురం,
20 అక్టోబర్ 2023.

చౌడీ,

పోయిన వారం నువ్వు వచ్చినప్పుడు తీసుకున్న అచ్చు బెంగళూరు ల్యాబ్‌కు పంపాను కదా. అక్కడ మురళి అని ఒకాయన ఉన్నాడు, మొదటి రోజు అచ్చునూ ఇప్పటి అచ్చునూ పక్కపక్కన పెట్టి కొలుస్తాడు. నిన్న ఫోన్ చేశాడు. "మేడమ్, మీ పేషెంటు నిజంగా కొరుకుతాందా?" అన్నాడు. "రోజుకు రెండు వందలప్పా" అన్నాను. "అయితే ఇది మామూలు సంగతి కాదు" అన్నాడు.

తొమ్మిది మైక్రాన్లు! మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో తొమ్మిది. అన్నం నమిలినందుకే అంత అరుగుతుంది. పోగు గాటు జాడ కూడా లేదు. ఫోన్ పెట్టేసి నేను క్లినిక్‌లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను. బయట కూర్చున్న పేషెంట్లు ఏమనుకున్నారో.

నేను నీకెప్పుడూ చెప్పలేదు. ఈ ఊళ్ళో నన్ను "పండ్లు పీకే డాక్టరమ్మ" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ నాతో చదివినవాళ్ళు పుస్తకాలు రాశారు, ప్రొఫెసర్లయ్యారు. సదస్సులకు పోతే నేను వెనక వరుసలో కూర్చుని భోజనాల వేళకు లేచి వచ్చేదాన్ని. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క సంగతి నేనే కనిపెట్టి చెప్పాలని ఉండేది. నా యాభయ్యొకటో ఏట అది నీ పంటిలో దొరికింది.

ఫిబ్రవరిలో తిరుపతిలో పెద్ద సదస్సు ఉంది. వ్యాసం సారాంశం పంపించాను. ఒక్క పన్నుతో సరిపోదు కాబట్టి, వచ్చే ఆదివారం మీ వీధికి వచ్చి ఇంకో ఆరుగురికి ఇదే కాంపోజిట్ పెడతాను. బాలనాగమ్మ తనకే మొదట పెట్టాలని ఫోన్లో చెప్పింది. "ఇంగ నేను భయం ల్యాకుండా కొరకచ్చా?" అంది. "చౌడి పన్ను చూస్తాండావు కదా, నిశ్చింతగా కొరుకు" అన్నాను.

నీ
పూర్ణి


ధర్మవరం,
18 నవంబర్ 2023.

పూర్ణీ,

నువ్వు వచ్చిపోయి మూడు వారాలైంది. ఆ రోజు మా ఇంట్లో నువ్వు తిన్నది తక్కువ, వాళ్ళ నోళ్ళలోకి చూసింది ఎక్కువ. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తే రెండు ముద్దలు తిని లేచావు.

ఆరుగురూ బాగానే ఉన్నారు. బాలనాగమ్మ గోడ అవతల నుంచి పోగు కొరికిన ప్రతిసారీ "టక్" అని నోటితో చప్పుడు చేసి నాకు వినిపిస్తోంది.

ఒక మాట అడుగుతాను. తిరుపతి సదస్సు ఈ సంవత్సరమే కావాలా? ఇంకో సంవత్సరం చూసి చెప్తే ఏమవుతుంది? నాకు చదువు లేదు, నీ పని నాకు తెలియదు. ఊరికే అనిపించింది, అడిగాను.

చలి మొదలైంది. పట్టు బిగుసుకుంటోంది.

చౌడి


పెనుకొండ,
16 డిసెంబర్ 2023.

చౌడీ,

ఇది ఎక్కడి నుంచి రాస్తున్నానో చూశావా? బడిపిల్లలకు పళ్ళ పరీక్షలు చేయాలని పిలిస్తే వచ్చాను. మన బడిలోనే! మనం కూర్చున్న గది ఇప్పుడు స్టాఫ్ రూము. కిటికీలోంచి కొండ అట్లాగే ఉంది. రైలు కూత వినబడితే లెక్కల సారు చెప్పడం ఆపేసి, రైలు పోయేదాకా కళ్ళు మూసుకునేవాడు గుర్తుందా? ఆ కాసేపట్లో నువ్వు నా లెక్కలన్నీ చేసిపెట్టేదానివి. చదువు లేదని పోయిన ఉత్తరంలో రాశావు. నాకు కోపం వచ్చింది. పదో తరగతిలో నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ నీకు. నిన్ను మగ్గంలో కూర్చోబెట్టారు, నన్ను కాలేజీకి పంపారు. తేడా అంతే.

అవ్వ ఇల్లు చూడటానికి పోయాను. సెల్ ఫోన్ల అంగడి అయిపోయింది. అవ్వ బియ్యం చెరిగే అరుగు మీద ఒక అబ్బాయి ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. "ఎవరు కావాల మేడమ్?" అన్నాడు. ఎవరూ వద్దని చెప్పి, ఛార్జర్ ఒకటి కొనుక్కుని వచ్చాను. దాంతో నాకు పనిలేదు. ఎండలో నిలబడి బోర్డు చదువుతుంటే, ఆ గుమ్మంలో నీకూ నాకూ అవ్వ జడలు వేసేటప్పటి చమురు వాసన ఎక్కడి నుంచో వచ్చినట్టైంది. నువ్వు పక్కన ఉంటే బాగుండేది.

నీ ఉత్తరాలు చిన్నవైపోతున్నాయి. ఏమైనా ఇబ్బందా? సదస్సు వాయిదా ఎందుకు వేయమన్నావో అర్థం కాలేదు. వ్యాసం ఒప్పుకున్నారు. ఫిబ్రవరి పదో తారీఖు, పొద్దున పదకొండుకు. తెర మీద నీ పన్ను గోడంత కనిపిస్తుంది. సంక్రాంతి దాటగానే మళ్ళీ అచ్చుకు రా.

నీ
పూర్ణి


ధర్మవరం,
19 జనవరి 2024.

పూర్ణీ,

అచ్చుకు నేను రావడం లేదు. ఎందుకో చదివాక నువ్వే రావద్దంటావు.

ఈ రోజు పొద్దున బాలనాగమ్మ నా మగ్గం దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. నువ్వు పెట్టినది నడిమికి లోతుగా కోసుకుపోయి, ఒక మూల ఊడిపోయింది. దాంతోపాటు తన సొంత పన్ను అంచు కూడా కొంచెం పెచ్చు లేచింది. మూడు నెలలు కూడా కాలేదు. "నీ పన్ను సూసి, నీ మాట ఇని కొరికితిని. ముందైతే ఆ పక్క కొంచెం, ఈ పక్క కొంచెం కొరుకుతాంటి. ఇది గట్టిదని దీంతోనే కొరికితి. నీదేమో నిగనిగలాడతాండాది. నాదెందుకిట్లాయ?" అంది.

ఆమె చూపు మగ్గం పక్కకి పోయింది. అక్కడ చిన్న కత్తెర నాడాతో కట్టి వేలాడుతోంది. సుధ పుస్తకాలకు అట్టలు వేసుకునే కత్తెర.

"ఇదేందిమే?" అంది.

అప్పుడు కూడా అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు.

పూర్ణీ, రెండు వందలు కాదు. ఒక్కటి కూడా కాదు. నువ్వు పన్ను కట్టిన మరుసటి రోజు మగ్గంలో కూర్చున్నాను. మొదటి పోగు తెగింది, ముడి వేశాను, కొస నోటి దాకా తెచ్చాను. అంతే, చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన పన్ను. నువ్వు నా మొహం మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చేసిన పన్ను. నీ చెయ్యి వణకడం నేను చూడలేదనుకున్నావు. నా పెదవికి తగిలింది. దాన్ని జరీకి పెట్టి కోయడానికి మనసొప్పలేదు. సుధ కత్తెర తెచ్చి కట్టుకున్నాను. పని నిదానమైంది. మా ఆయన అడిగితే కళ్ళు కనపడటం లేదని చెప్పాను.

నీ ఉత్తరం తర్వాత వచ్చింది. కొరకమన్నావు. రేపటి నుంచి కొరుకుదాం అనుకుని రెండు వందలని రాసేశాను. ఆ రేపు రాలేదు. అక్టోబర్‌లో నీ దగ్గరికి వచ్చినప్పుడు చెప్దామనుకున్నాను. కుర్చీలో పడుకోబెట్టి నోటినిండా ఆ మైనం పెట్టావు, చెప్పలేకపోయాను. అది సాకే. తీశాక చెప్పొచ్చు కదా! తర్వాత తొమ్మిది మైక్రాన్లని అంత సంతోషంగా రాశావు. యాభై ఏళ్ళకు దొరికిందని రాశావు. ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. నువ్వు ఆరుగురికి పెడతానన్నప్పుడైనా అడ్డం పడి ఉండాల్సింది. వాళ్ళకేం కాదులే, నిజంగానే గట్టిదేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

బాలనాగమ్మ అంతా విని కత్తెరను చేతిలో తిప్పుతూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "నీ పన్నే పన్నా? మాది పన్ను గాదా?" అంది. గుమ్మం దాటుతూ, "రాయి ఆ డాక్టరమ్మకు. ఈ పొద్దే రాయి" అంది.

రాశాను.

చౌడేశ్వరి


హిందూపురం,
29 జనవరి 2024.

శ్రీమతి చౌడేశ్వరి గారికి,

మీ ఉత్తరం అందింది. తిరుపతి సదస్సు నుంచి నా వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాను. బెంగళూరు కాలేజీకి ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆదివారం ధర్మవరం వచ్చి బాలనాగమ్మ గారి పన్ను సరిచేసి, మిగతా ఐదుగురితో మాట్లాడతాను. ఆ రోజు మీరు ఇంట్లో ఉండాల్సిన అవసరం లేదు.

ఇకమీదట అచ్చుల కోసం రావద్దు.

డా. పూర్ణిమ


ధర్మవరం,
11 మార్చి 2024.

పూర్ణీ,

"మీరు" అన్నావు. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను, లోపలి గదిలో. బాలనాగమ్మ ఇంట్లో నువ్వు మాట్లాడేదంతా గోడకు చెవి పెట్టి విన్నాను. "తప్పు నాదే అక్కా, నేను సరిగా చూడకుండా కొరకమన్నా" అన్నావు. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను బయటికి వచ్చేదాన్నేమో.

నెలన్నర ఎదురుచూశాను. నువ్వు రాయవని తెలిసింది. నాకు చేతనైంది ఒక్కటే కనిపించింది. పోయిన సోమవారం కత్తెర తీసి గంగాధర చేతికిచ్చాను. ఆ రోజు నుంచి ఈ పంటితోనే కొరుకుతున్నాను. ఈసారి లెక్క నిజం. క్యాలెండర్ వెనక గీతలు పెడుతున్నాను. సోమవారం నూట డెబ్భై రెండు. మంగళవారం నూట తొంభై. శుక్రవారం జరీ, రెండు వందల పదహారు. మొన్నటి నుంచి నాలుకకు అంచు గరుగ్గా తగులుతోంది.

నువ్వు కొలుచుకో. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు కొరుకుతాను, అరిగినంత అరగనీ. నీ చదువుకు పనికొస్తే చాలు.

చౌడి


హిందూపురం,
15 మార్చి 2024.

ఏమే చౌడీ,

నీకు బుద్ధుందా? ఈ ఉత్తరం చేరేలోపు ఇంకెన్ని కొరుకుతావో అని సుధకు ఫోన్ చేశాను. "మీ అమ్మకు కత్తెర ఇయ్యి పాపా, బిరీన ఇయ్యి" అన్నాను. ఇచ్చానని చెప్పింది. నువ్వు తీసుకోనంటే నేనే తొలి రైలుకు వచ్చి కట్టేస్తానని కూడా చెప్పాను.

నెలన్నర నేను కోపంగా ఉన్నానని నువ్వు అనుకున్నావు. మొదటి వారం కోపమే. సదస్సు వాళ్ళకు ఫోన్ చేసి వ్యాసం వద్దని చెప్పాను. ఫిబ్రవరి పదో తారీఖు పదకొండు గంటలకు నేను ఒక ముసలాయనకు దవడ పన్ను తీస్తున్నాను. గోడ గడియారం వైపు చూడకూడదని చూడలేదు.

తర్వాత కోపం పోయి సిగ్గు మిగిలింది. నీ పంటి అచ్చు తీశాను, కొలిపించాను, ఫోటో తీశాను, పదింతలు పెద్దది చేసి చూశాను. పన్ను కట్టాక ఒక్కసారైనా నీ మగ్గం పక్కన అరగంట కూర్చోలేదు. ఆరుగురికి పెట్టిన రోజు కూడా ఆ కత్తెర అక్కడే వేలాడుతూ ఉండాలి కదా? కళ్ళ ముందే ఉంది. నాకు కావలసిన జవాబు వచ్చేసింది కాబట్టి నేను చూడలేదు. మురళి అడిగాడు, నిజంగా కొరుకుతుందా అని. ఆ ప్రశ్న నేను నిన్ను అడగాల్సింది. నువ్వు కూడా అడిగావు, ఇంకో సంవత్సరం ఆగరాదా అని. అదీ నాకు వినపడలేదు. ఒక్క పన్నును నమ్మి, ఆరుగురిని నిశ్చింతగా కొరకమన్నది నేను. నువ్వు కాదు.

బాలనాగమ్మ పన్ను బాగు చేశాను. "ఇంగ కొరకద్దక్కా" అంటే, "నిన్ను కత్తెరతో పన్ను తీయమంటే తీస్తావా? నా చేతి వాటం నాది" అంది. చివరికి ఒప్పందానికి వచ్చాం. జరీ కత్తెరతో, పట్టు మాత్రం పళ్ళతో. మిగతా ఐదుగురికీ ఇది అరుగుతుందని, అరిగితే సొంత పన్నుకూ దెబ్బేనని చెప్పాను. ఇద్దరు కత్తెరకు మారారు. ముగ్గురు మారం అన్నారు. సరే, ఉన్నది ఉన్నట్టే కొలుస్తాను. ఈసారి నెలకోసారి నేనే వస్తాను, మగ్గం పక్కన కూర్చుంటాను.

నీ పేరు మాత్రం ఆ జాబితాలో నుంచి కొట్టేశాను. నువ్వు నాకు మొదటి పన్నువి కావు. ఆదివారం ఉగ్గాని చెయ్యి. ఈసారి కడుపునిండా తింటాను. అంచు గరుకుదనం నున్నగా చేసిపోతాను.

నీ
పూర్ణి


హిందూపురం,
24 ఫిబ్రవరి 2025.

చౌడీ,

తిరుపతి నుంచి రాత్రే వచ్చాను. ఫోన్లో "బాగా అయింది" అని చెప్పి పెట్టేశాను కదా, సరిగా రాద్దామని.

పన్నెండు నిమిషాలు ఇచ్చారు. ఆరుగురి సంగతి చెప్పాను. పట్టూ జరీ రెండూ పళ్ళతో తెంపే ముగ్గురికి సంవత్సరం తిరిగేసరికి అరుగుదల నూట నలభై మైక్రాన్లు దాటింది, గాటు పడింది, ఒకరికి విరిగింది. జరీ ఒక్కటి కత్తెరకు వదిలిన బాలనాగమ్మకు అందులో సగం. పూర్తిగా కత్తెరకు మారిన ఇద్దరికీ అన్నానికి అరిగేంతే. గొప్ప సంగతేమీ కాదు. ఈ కాంపోజిట్ నేతపనికి నిలవదు అని తేలింది. అంతే. నేను కలగన్న వ్యాసం కాదు.

ప్రశ్నల వేళ ఒక కుర్ర డాక్టరు లేచి, "మేడమ్, మొదట ఏడుగురని రాసి ఒకరిని తీసేశారు, కారణం?" అన్నాడు. కాయితంలో "నియమం పాటించలేదు" అని రాసుకుని పోయాను. అదే చదువుదామనుకున్నాను. చదవలేదు. "పోగు పళ్ళతో కొరకమన్నాను. నేను కట్టిన పన్ను ఆమెకు అంత నచ్చింది, కొరకలేకపోయింది. ఆ సంగతి నాకు చెప్పలేకపోయింది. నేనూ అడగలేదు" అన్నాను.

హాలు నవ్వింది. నవ్వు ఆగాక వెనక వరుసలో నుంచి ఒక పెద్దావిడ లేచింది. తెల్లజుట్టు, చేతికర్ర. నలభై ఏళ్ళుగా పళ్ళు కడుతున్నానంది. "మా దగ్గర పదేళ్ళు నిలిచిన పళ్ళన్నీ మెటీరియల్ గొప్పతనమనే రాసుకున్నాం. వాటిని ఎవరు ఎంత ఇష్టంగా కాపాడుకున్నారో ఒక్కరినీ అడగలేదు" అంది. అని కూర్చుంది. తర్వాత భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి, నీ పేరేమిటని అడిగింది. నీ పేరు. నా పేరు కాదు. చెప్పాను.

నీ
పూర్ణి


ధర్మవరం,
30 ఆగస్టు 2025.

పూర్ణీ,

నీకు ఒక కబురు చెప్పాలి. ఫోన్ చేస్తే తిడతావని ఉత్తరం రాస్తున్నాను. చదివి నీ కోపం చల్లారేసరికి నేనే నీ ఎదురుగా ఉంటాను.

సుధ ఆషాఢంలో మగ్గంలో కూర్చుందని చెప్పాను కదా. నేనెప్పుడూ బలవంతం చేయలేదు. కత్తెర పట్టుకుని నేను పడే అవస్థ చూసి చూసి, "లెయ్యిమా, నేను సూస్తా" అని ఒక రోజు గుంటలోకి దిగింది. దిగినది లేవలేదు. నిన్న దాని మొదటి చీర ముగిసింది. మామిడిపిందె అంచు, ముదురు వంకాయ రంగు. రెండు చోట్ల తప్పుంది, నేను చెప్పలేదు, దానికే తెలుసు.

మా ఇళ్ళలో ఒక అలవాటుంది. ఆడపిల్ల మొదటి చీరకు చివరి ముడి వేసినప్పుడు, ఆ పోగు కొస తల్లి తెంపుతుంది. నా మొదటి చీరకు మా అమ్మ తెంపింది. పళ్ళతోనే. అప్పటికి ఆమెకు ముందుపళ్ళు రెండే ఉన్నాయి.

సుధ ముడి వేసి పోగు నా వైపు చాపింది. కత్తెర నా చేతిలోనే ఉంది. గంగాధర చూస్తున్నాడు. గోడ అవతల నుంచి బాలనాగమ్మ కూడా వచ్చి నిలబడింది. కత్తెర కింద పెట్టాను. వంగి కొరికాను. పోగూ తెగింది, పన్నూ టక్కుమంది. అరచేతిలోకి ఊసుకుని చూస్తే బియ్యపు నూకంత ముక్క.

"అమ్మా, నీ పన్ను!" అని సుధ అరిచింది. "పూర్ణిమత్త సంపుతుంది నిన్ను" అంది. నేను దాని తలను దగ్గరికి తీసుకున్నాను. దుఃఖం రాలేదు పూర్ణీ. ఏదో పని పూర్తిచేసి మగ్గం దిగినట్టుంది.

గురువారం పొద్దున రైలుకు వస్తున్నాను. సుధ కూడా వస్తుంది, ఆ చీర నీకే. తప్పులున్నాయని వద్దనవద్దు. పన్ను మళ్ళీ కట్టు. ఆ రోజు మధ్యాహ్నం పేషెంట్లను పెట్టుకోవద్దు. ముగ్గురం కలిసి పెనుకొండలో దిగి, సాయంత్రం బండి వచ్చేదాకా కొండ కింద కాసేపు తిరిగి వద్దాం.

నీ
చౌడి